నీలం పుల్ల

ఆ గదిలో సున్నాను చూసి సంతోషించని మనిషి ఒక్కతే. ఆ సున్నాను సాధించిందని అందరూ చప్పట్లు కొడుతున్నదీ ఆమెకే.

గోడ మీది తెరపై నాలుగు అంకెలు ఉన్నాయి. పలాసలోని ఒక జీడి ఫ్యాక్టరీలో ఆరువందల పన్నెండు మంది ఆడవాళ్లు నెలకోసారి ఒక పుల్ల నమిలారు. చిగుళ్లలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటే ఆ పుల్ల కొస నిమిషంలో నీలంగా మారుతుంది. మొదటి నెల రెండువందల పద్నాలుగు పుల్లలు నీలమయ్యాయి. రెండో నెల తొంభై ఏడు, మూడో నెల ముప్ఫై ఒకటి, నాలుగో నెల సున్నా. పరిశోధన కేంద్రం డైరెక్టరు భవానీశంకర్ గారు కేకు కోసి మొదటి ముక్క వనజాక్షి చేతిలో పెట్టారు. పుల్లను కనిపెట్టింది ఆమె కాబట్టి ఆ మర్యాద.

వనజాక్షి కేకు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆమె చిగుళ్ల డాక్టరు. వయసు ముప్ఫై తొమ్మిది. అందులో పదకొండేళ్లు విశాఖలోని ఆ కేంద్రంలో ఆ ఒక్క పుల్ల కోసమే గడిచాయి. చిగుళ్లలో కాపురం పెట్టిన జీవులు వాటంతటవి సామాను సర్దుకుని పోవని ఆమెకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలీదు. పళ్లకు పట్టిన గార గీకాలి. చీము చేరిన సందులు కడగాలి. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి. అదంతా చెయ్యడానికే కేంద్రం పలాసలో చిన్న దంతశాల తెరిచింది. నీలం తేలిన ప్రతి మనిషినీ ఫ్యాక్టరీ అక్కడికి పంపాలని ఒప్పందంలో రాసుకున్నారు. ఆమె కేకు కిటికీ గట్టు మీద పెట్టి, ఫోన్లో దంతశాల రిజిస్టరు తెరిచి చూసింది. నాలుగు నెలల్లో వచ్చినవాళ్లు పదకొండు మంది.

పదకొండు నోళ్లు కడిగితే రెండువందల నోళ్లు శుభ్రపడ్డాయన్నమాట. వనజాక్షికి ఒళ్లు మండింది. డైరెక్టరుగారిని పక్కకు పిలిచి రిజిస్టరు చూపించింది.

"ఎవరూ వైద్యానికే రాలేదు సార్. మరి ఎలా తగ్గింది?"

"తగ్గింది కదమ్మా. ఎలా తగ్గిందో తర్వాత తీరిగ్గా పేపర్లో రాసుకుందాం."

వచ్చే నెల నివేదిక ప్రభుత్వానికి వెళ్తుందనీ, దాని మీద ఆమె సంతకం కావాలనీ ఆయన గుర్తు చేశారు. ఆ తర్వాత రాష్ట్రంలో ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా, పనిలో చేరేముందు ప్రతివాడి నోట్లోనూ మన పుల్లే ఉంటుందని భుజం తట్టారు. పనిలో చేరేముందు అన్న మాట వనజాక్షి వినడం అదే మొదటిసారి. పుల్లను ఆమె తయారు చేసింది వైద్యానికి ముందు వాడడానికి.

ఆ పుల్ల కథ ఆమె తల్లి చేతులతో మొదలైంది. తల్లి అప్పయ్యమ్మ పలాసలోనే జీడిపిక్కలు కొట్టేది. నలభై దాటేసరికి వేళ్లు ఒక పక్కకు వంగిపోయాయి. గ్లాసు పట్టుకోవాలంటే రెండు అరచేతుల మధ్య ఇరికించుకోవలసి వచ్చేది. ఎందరు డాక్టర్ల దగ్గరికి తిప్పారో లెక్కలేదు. వాళ్లు చేతులు చూశారు, మోకాళ్లు నొక్కారు, ఎక్స్‌రేలు తీశారు, ఇంజెక్షన్లు పొడిచారు. నోరు తెరవమని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగి ఉంటే ఆమె చిగుళ్లు పదేళ్లుగా రక్తం కారుతున్నాయనీ, ముందు పళ్లు నాలుకతో తోస్తే ఊగుతున్నాయనీ తెలిసేది. తెలిసినా ఆ రోజుల్లో పళ్లకూ కీళ్లకూ సంబంధమేమిటని నవ్వి ఉండేవారేమో. అప్పయ్యమ్మ ఆ వంకర చేతులతోనే పోయింది.

కూతురు దంతవైద్యం చదివి ఆ సంబంధాన్ని పట్టుకుంది. చిగురు కింద దాక్కునే ఒక జీవి తన రసంతో మన ఒంట్లో ఉన్న మాంసకృత్తులనే కొంచెం మార్చేస్తుంది. ఆ మార్పుతో సొంత సరుకే పరాయి సరుకులా కనిపించి, ఒళ్లు దాని మీద యుద్ధానికి దిగుతుంది. నోట్లో మొదలైన ఆ యుద్ధం కీళ్లలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. అందరికీ కాదు. నీలం తేలిన పదిమందిలో ఇద్దరికో ముగ్గురికో, అదీ కొన్నేళ్లకు. ఈలోపు చిగుళ్లు బాగుచేసుకుంటే చాలామంది తప్పించుకోవచ్చు. నీలమంటే జబ్బు కాదు, జాగ్రత్తపడమని ముందుగా వచ్చిన కబురు. ఆ రసం తగిలితే రంగు విడిచే ఈస్టును ఆమె పెంచి, వేపపుల్లంత కర్ర కొసకు పట్టించింది. పొద్దున్నే పుల్ల నమలడం తన ఊరివాళ్లకు కొత్త కాదు గనక ఆ ఆకారం ఎంచుకుంది.

పలాసలో ఆమె వదిన దమయంతి ఉంది. అన్న పోయాక దమయంతీ, ఇరవై ఒక్కేళ్ల ఆమె కూతురు రేవతీ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నారు. వనజాక్షి ఫోన్ చేసి, ఒకసారి వస్తానంది. ఎండలు మండిపోతున్నాయి, ఇప్పుడెందుకు, వానలు పడ్డాక రమ్మంది వదిన. ఊరికి రావడం లేదని ఫోన్ చేసినప్పుడల్లా దెప్పే మనిషి ఇలా అనేసరికి వనజాక్షి మర్నాడే పొద్దుటి రైలెక్కింది.

పదకొండు గంటలవేళ, ఫ్యాక్టరీలో ఉండాల్సిన దమయంతి ఇంటి వరండాలో కూర్చుని రాయి మీద జీడిపిక్కలు కొడుతోంది. ఆడపడుచును చూడగానే చేతులు చీర కొంగులో దాచుకుంది. దాచినా లాభం లేకపోయింది. పిక్కల్లోంచి కారే రసం తగిలి వేళ్లు నల్లబడడం వనజాక్షికి పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే. ఆ నలుపు కింద కణుపులు వాచి ఉన్నాయి. తల్లి చేతులు మొదట్లో సరిగ్గా ఇలాగే ఉండేవి.

మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, విసురుతూ దమయంతి సంగతంతా చెప్పింది. మొదటి నెల నీలం తేలినవాళ్ల పేర్లు రాసుకున్నారు. రెండో నెలనుంచి ఆ పేర్లవాళ్లను పదేసి మంది చొప్పున మానిపించారు. పుల్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఒకరికి చెయ్యి నెమ్మది అన్నారు, ఒకరికి పప్పు విరగ్గొడుతున్నావన్నారు. బయట నిలబడిన కొత్తవాళ్లకు పుల్ల నమిలించి, తెల్లగా ఉంటే లోపలికి తీసుకున్నారు. దమయంతి ఇరవై రెండేళ్లు చేసిన పని ఒక మధ్యాహ్నంతో అయిపోయింది.

దంతశాలకైనా ఎందుకు వెళ్లలేదని వనజాక్షి నిలదీసింది. వదిన ఆమె వంక జాలిగా చూసింది. దంతశాల ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా పెట్టారట. ఎవరు లోపలికి వెళ్తున్నారో మేనేజరు గదిలోంచి కనిపిస్తుంది. పని పోగొట్టుకున్నవాళ్లకు కూతుళ్లో కోడళ్లో ఇంకా లోపల ఉన్నారు. ఆ మెట్లెక్కి వాళ్ల నోటి దగ్గర కూడు కొట్టడానికి ఎవరు సాహసిస్తారు? ఆ స్థలం బాగుందని ఒప్పుకుని సంతకం పెట్టింది వనజాక్షే. అందరికీ దగ్గరగా ఉంటుందనుకుంది.

"నీ పుల్ల అబద్దం సెప్పనేదు వనజా," అంది దమయంతి. "పొద్దున్న నెగిసేసరికి నా ఏళ్లు ముడుసుకోడం నేదు. అది నిజఁవే సెప్పినాది. నాకే సెప్పుంటే నాను సూసుకుందును. ఆడికి సెప్పినాది."

వనజాక్షికి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లలో ఎన్నో సభల్లో ఎందరో పండితులు పుల్ల మీద ప్రశ్నలు వేశారు. అది ఎవరితో మాట్లాడుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. తనను తాను ఆమె కూడా అడగలేదు.

మరి రేవతి మాటేమిటంటే, దానికి ప్రతిసారీ తెల్లగానే వస్తోందని చెప్పి వదిన పిక్కల మీదికి వంగింది. మళ్లీ తల ఎత్తలేదు.

ఆ నెల పరీక్ష ఆ మధ్యాహ్నమే. వనజాక్షి ఫ్యాక్టరీకి వెళ్తే మేనేజరు త్రినాథరావు ఎదురొచ్చి, కొబ్బరిబోండాం కొట్టించి, కుర్చీ వేయించాడు. ఆమె పుల్ల వచ్చాక తనకు సగం తలనొప్పి తగ్గిందన్నాడు. చేతులు పడిపోయేవాళ్లెవరో ముందే తెలిసిపోతోందట, రేపు వాళ్లకు వైద్యం, సెలవులు, నష్టపరిహారం అంటూ తిరిగే పని ఉండదట. ఆ మాట చెప్పడానికి అతను గొంతు కూడా తగ్గించలేదు. ఎదురుగా కూర్చున్నది తన జట్టు మనిషే అనుకున్నాడు.

అన్నాల గంట కొట్టారు. వనజాక్షి బోండాం పక్కన పెట్టి షెడ్ల వెనక్కి నడిచింది. అక్కడ కొట్టిన పిక్కల డొల్లలు గుట్టలా పోసి ఉంటాయి. ఆ గుట్ట దగ్గరికి వెళ్లేసరికి ఆమె ముక్కుకు తన చిన్నప్పటి వాసన తగిలింది. కాలుతున్న పొగాకు వాసన. అమ్మ వాసన.

డొల్లల గుట్ట చాటున నలభై యాభై మంది అమ్మాయిలు వరసగా గొంతుక్కూర్చున్నారు. తలలకు ఫ్యాక్టరీ టోపీలు, ఒంటిమీద తెల్ల ఏప్రన్లు. ఎవరి పెదాల దగ్గరా నిప్పు కనిపించడం లేదు. చుట్ట వెనక కొస మాత్రం బయటికి ఉంది, దాని చుట్టూ పొగ వస్తోంది. నిప్పు నోటి లోపల ఉంది. ఆ ప్రాంతంలో ముసలమ్మలు ఒకప్పుడు చుట్టను అలాగే కాల్చేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. కూర్చున్నవాళ్లలో పాతికేళ్లు దాటినవాళ్లు ఎవరూ లేరు. నాలుగో మనిషి రేవతి.

మేనత్తను చూసి రేవతి చుట్ట తీసి నేలకు రాసింది. సిగ్గుపడలేదు, బెదరలేదు.

"ఏటి సెయ్యమంటావు అత్తా? పుల్ల నీలఁవైతే గేటు బయటే. పది నిముషాలు పొగేసుకుని ఎల్తే తెల్లగుంటాది. పెద్దమ్మలు సెప్పినారు."

"నోరు కాలదేటే?" వనజాక్షికి తెలియకుండానే ఊరి మాట వచ్చేసింది.

"మొదట బొబ్బలెక్కినాయి. ఇప్పుడు తెలీడం నేదు."

తెలీడం లేదన్న ఆ మాటకు వనజాక్షి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. రేవతిని అక్కడే గోడకు ఆనించి, నోరు తెరవమని, ఫోను దీపం వేసి చూసింది. అంగిలి నిండా తెల్లటి మందపు పొర, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఇలాగే కొన్నేళ్లు కాలిస్తే ఆ పొర ఏమవుతుందో చెప్పడానికి చిగుళ్ల డాక్టరే అక్కర్లేదు. పలాస చుట్టుపక్కల ఏ ముసలమ్మనడిగినా, నోట్లో పుండు లేచి, మెతుకు దిగక పోయినవాళ్ల పేర్లు చెబుతుంది.

పుల్లలు ఎందుకు తెల్లగా ఉంటున్నాయో ఆమెకు క్షణంలో అర్థమైపోయింది. నోళ్లు బాగుపడి కాదు. ఆ వేడికీ బూడిదకూ పుల్ల మీది ఈస్టు రుచి చూసేలోపే చచ్చిపోతోంది. చచ్చిన ఈస్టు రంగు విడవదు. తెర మీద వెలిగిన సున్నా అదీ.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఆమెకు తెలుసు. పరిశోధన మొదట్లో తయారైన ప్రశ్నల పట్టికలో అడ్డపొగ గురించి ఒక ప్రశ్న ఉండేది. దాన్ని కొట్టేసింది తనే. కొత్త తరంలో ఈ అలవాటు లేదని పక్కన కారణం కూడా రాసింది. అది నిజమే, అప్పటికి లేదు. అయినా ప్రశ్న తీసెయ్యడానికి అసలు కారణం వేరు. కాలేజీ హాస్టలుకు వచ్చిన తల్లి మెట్ల మీద కూర్చుని నోట్లో నిప్పు పెట్టుకుంటే, తోటి అమ్మాయిలు చుట్టూ చేరి ఫొటోలు తీశారు. ఆ రోజు తల్లిని లోపలికి రమ్మనకుండా బస్టాండుకు పంపేసింది. ఇరవయ్యేళ్లనాటి ఆ సిగ్గు ఒక ప్రశ్నను కొట్టేసింది. ఆ ప్రశ్న ఉండి ఉంటే పొగకు ఈస్టు చస్తుందని ప్రయోగశాలలోనే తేలేది. తల్లి నోట్లో ఆరిపోయిన నిప్పును తన పుల్ల తీసుకెళ్లి మేనకోడలి నోట్లో రాజేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక వనజాక్షి ఆ డొల్లల గుట్ట పక్కన అలాగే నిలబడిపోయింది. తర్వాత తెలిసింది. ముందు తన మీద, ఆ వెంటనే ఆ మేనేజరు మీద, అక్కడినుంచి విశాఖలోని ఆ కేకు దాకా ప్రతి ఒక్కరి మీదా.

వారం తిరక్కుండా డైరెక్టరుగారి గదిలో సమావేశం జరిగింది. త్రినాథరావూ వచ్చాడు. వనజాక్షి రేవతి అంగిలి ఫొటోను, పేరు చెప్పకుండా, తెర మీద వేసింది. మానిపించినవాళ్ల సంగతి, గేటు ఎదురుగా దంతశాల సంగతి, పొగ సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది. ఆ సున్నా మీద సంతకం పెట్టనంది. ఫొటో చూసి ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. ఇప్పుడైనా వీళ్లకు సిగ్గేస్తుందని ఆమె అనుకుంది.

"అంటే మనల్ని మోసం చేస్తున్నారన్నమాట," అన్నాడు త్రినాథరావు.

డైరెక్టరుగారు కాసేపు ఆలోచించి, పొగకు చావని ఈస్టును చెయ్యగలరా అని అడిగారు. నివేదికకు ఇంకా టైముందట, కావాలంటే గడువు పెంచమని అడుగుతారట. సమస్య సాంకేతికమైనదే కాబట్టి పరిష్కారమూ సాంకేతికంగానే ఉంటుందట. పనిలోంచి తీసెయ్యడం ఫ్యాక్టరీ సొంత వ్యవహారం, అందులో సైన్సు తలదూర్చకూడదట. ఆమె బల్ల మీద ఒక పొట్లం విప్పింది. అందులో తొమ్మిది పుల్లలున్నాయి. గదిలో ఉన్నదీ తొమ్మిది మందే.

"ముందు మనం నములుదాం సార్. ఎవరెవరికి నీలం వస్తుందో అందరం చూద్దాం. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఒకావిడ నీళ్లు తాగింది. తనకు పన్ను నొప్పిగా ఉందన్నాడు త్రినాథరావు. డైరెక్టరుగారు నవ్వేసి, వనజాక్షిగారు సరదాగా అంటున్నారని సర్దేశారు. పుల్లల్ని ఒక్కరూ ముట్టుకోలేదు. వాటిని మళ్లీ పొట్లం కట్టుకుంటుండగా వదిన అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. నాకే చెప్పుంటే నేను చూసుకుందును.

"చేస్తాను సార్," అంది వనజాక్షి. "పొగ మోసం చెయ్యలేని పుల్ల చేస్తాను. అయిదు నెలలు ఇవ్వండి. ఈలోపు పలాసలో పరీక్ష ఆపించండి."

ఆమె దారికొచ్చినందుకు అందరూ సంతోషించారు.

అయిదు నెలలూ ఆమె ప్రయోగశాలలోనే గడిపింది. ఈస్టుకు పొగ తగలకుండా దాన్ని సగ్గుబియ్యం గింజంత జిగురు బొట్టులో దాచింది. ఉమ్మికి ఆ బొట్టు మెల్లగా కరిగి, నోరు చల్లబడ్డాకే ఈస్టు బయటికి వస్తుంది. అది తేలిక పనే. కష్టమంతా రెండో పనిలో ఉంది. ఈస్టు లోపల నీలం రంగును తయారుచేసే భాగాన్ని పూర్తిగా తీసేసి, ఆ చోట ఇంకొకటి పెట్టాలి. మూడుసార్లు ఈస్టు చచ్చింది. నాలుగోసారి బతికింది గానీ పని చెయ్యలేదు. ఏడోసారి చేసింది. పనిచేసిన మొదటి పుల్లను ఆమె తలుపు వేసుకుని తనే నమిలింది. ఫలితం ఏమొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా ఉండాలనే దాన్ని చేసింది.

ఆ తర్వాత పాత ఈస్టు సీసాలన్నీ గడ్డకట్టించే పెట్టెలోంచి తీసి, ఆవిరి యంత్రంలో పెట్టి చంపేసింది. దొంగచాటుగా కాదు. ప్రయోగశాల పుస్తకంలో తేదీ వేసి, ఎన్ని సీసాలో రాసి, కింద సంతకం చేసింది. నీలం పుల్లను మళ్లీ ఎవరైనా చెయ్యలేరని కాదు. చెయ్యాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. కొత్త ఈస్టును మాత్రం పెంచే పద్ధతితో సహా రాష్ట్రంలోని దంతవైద్య కళాశాలలన్నిటికీ పంపేసింది.

కొత్త పుల్ల గురించి తొమ్మిది పేజీల నివేదిక ఇచ్చింది. పరీక్ష ఫలితం పుల్ల నమిలిన మనిషికి తెలుస్తుందని ఎనిమిదో పేజీలో స్పష్టంగా ఉంది. ఎనిమిదో పేజీ దాకా చదివే అలవాటు ఆ భవనంలో ఎవరికీ లేదు. పొగ ప్రభావం ఏమాత్రం ఉండదన్న మొదటి పేజీ చూసి డైరెక్టరుగారు ఆమోదముద్ర వేశారు.

పరీక్షకు ముందురోజు వనజాక్షి పలాస వెళ్లి వదినతో గంటసేపు మాట్లాడింది. దమయంతి విని, చెప్పులేసుకుని బయటికి వెళ్లి, పొద్దుపోకముందే నాలుగు వీధులు తిరిగి వచ్చింది. రేవతి తన దగ్గరున్న చుట్టల కట్టను పొయ్యిలో పడేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆవరణలో ఆడవాళ్లంతా వరసల్లో నిలబడ్డారు. త్రినాథరావు పేర్ల పట్టిక పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు పొగ వాసన లేదని అతను గమనించి, పొగకు లొంగదని తెలిసి బుద్ధి వచ్చిందన్నట్టు తల ఊపాడు. పుల్లలు పంచారు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది. ఆరువందల పుల్లలూ కర్ర రంగులోనే ఉన్నాయి.

"రంగేదండీ?" అన్నాడు త్రినాథరావు.

రంగు లేదని వనజాక్షి చెప్పింది. ఆ జీవి ఉంటే పుల్ల చేదుగా ఉంటుందనీ, లేకపోతే చప్పగా ఉంటుందనీ, నమిలినవాళ్లను అడిగి తెలుసుకోవచ్చనీ వివరించింది. అతను కాసేపు ఆమెనూ వరసలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పట్టిక తీసుకుని మొదటి వరస దగ్గరికి వెళ్లాడు.

"ఎలా ఉంది?"

"సప్పగున్నాది బాబూ."

"నీకు?"

"సప్పగే."

రేవతికీ చప్పగానే ఉంది. ఆ పక్కమ్మాయికీ, ఆ వెనకమ్మాయికీ చప్పగానే ఉంది. రెండు వరసలు పూర్తయ్యేసరికి త్రినాథరావు చొక్కా తడిసిపోయింది. ఇది పనిచెయ్యని పుల్ల, అంతా అబద్ధమంటూ వనజాక్షి చేతిలోని పొట్లంలోంచి ఒకటి లాక్కుని తన నోట్లో పెట్టుకున్నాడు.

ఆరువందల మంది అతని మొహం వంకే చూస్తున్నారు. అతను నమిలాడు. నమలడం ఆపాడు. కళ్లు చికిలించాడు. గొంతులోకి ఏదో దిగనట్టు మింగి, గట్టిగా ఊపిరి పీల్చి, పుల్లను చేతి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వరసల్లోంచి ఒక పెద్దావిడ, అడిగే హక్కు తనకూ ఉన్నట్టే, ఎలాగున్నాది బాబూ అని అడిగింది.

"చప్పగా ఉంది," అన్నాడు త్రినాథరావు.

ఎవరూ నవ్వలేదు. ఆ రోజుతో అక్కడ పరీక్ష ఆగిపోయింది.

కేంద్రం వనజాక్షిని ఉద్యోగంలోంచి తీసేసింది, ఈస్టు నాశనం చేసినందుకు కేసు కూడా వేసింది. అది ఇంకా నడుస్తోంది. మానిపించినవాళ్లలో సగంమందిని కూడా ఫ్యాక్టరీ వెనక్కి తీసుకోలేదు. దానికి సమాధానం చెప్పేవాడు ఇప్పటికీ ఎవడూ లేడు. చేతులు వాచినవాళ్లకు పోయిన ఆ నెలలు తిరిగి రావు.

వదిన ఇంటికి రెండు వీధుల అవతల, ఏ మేనేజరు గదిలోంచీ కనిపించని చోట, వనజాక్షి రెండు గదులు తీసుకుని పళ్ల కుర్చీ వేసింది. మొదటి పది రోజులు ఎవరూ రాలేదు. పదకొండో రోజు ఫ్యాక్టరీ వదిలాక రేవతి వచ్చి కుర్చీలో కూర్చుని, చేదు అని ఒక్క మాట చెప్పి నోరు తెరిచింది. అంగిలి మీది తెల్లపొర కొంచెం పలచబడింది గానీ ఇంకా ఉంది. ప్రతి నెలా చూపించుకోవాలని వనజాక్షి గట్టిగా చెప్పింది. మర్నాడు ముగ్గురొచ్చారు. ఆ వారాంతానికి గుమ్మం బయట బెంచీ వెయ్యాల్సి వచ్చింది. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి ఆ ఒక్క మాటే చెప్పేది.

అందరూ వెళ్లాక దమయంతి వచ్చింది. ఆమె కీళ్లకు మందు మొదలుపెట్టి రెండు వారాలైంది. వేళ్లు సగం ముడుచుకుంటున్నాయి. ఆమెకు నీలమని ఎప్పుడో తేలిపోయింది గనక మళ్లీ పుల్ల అక్కర్లేదంది వనజాక్షి. దమయంతి ఒప్పుకోలేదు. తనకూ ఒక పుల్ల ఇమ్మని చెయ్యి చాపి తీసుకుని, వాచిన వేళ్లతో పట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి తీరిగ్గా నమిలింది. కాసేపటికి ఆమె మొహం ముడుచుకుంది, ఆ వెంటనే విచ్చుకుంది.

"ఏటి వదినా?"

"సేదు," అంది దమయంతి. "ఈపాలి నాకే సెప్పినాది."